ఖాజీ, హకీం, తత్త్వవేత్త: ఇబ్నె రుష్ద్

మతవిశ్వాసమునకు, శాస్త్రజ్ఞానమునకు పొత్తు కుదరదనే మాట మనము తరచుగా వింటుంటాము. ఈ ప్రశ్నను ఎనిమిది వందల ఏండ్ల క్రిందటనే ఒక న్యాయమూర్తి దృష్టితో విచారించి తీర్పు చెప్పిన మహనీయుడు ఇబ్నె రుష్ద్. ఐరోపావాసులు ఆయనను అవెరోస్ అని పిలిచారు.

ఆయన 1126లో స్పెయిన్ దేశపు కార్డోవా నగరంలో జన్మించారు. తాతగారు ఆ నగరపు ప్రధాన ఖాజీ, తండ్రిగారూ ఖాజీయే. ఇంటివిద్యయైన ధర్మశాస్త్రంతోపాటు వైద్యమును, తత్త్వశాస్త్రమును ఆయన అభ్యసించారు. 1169లో సెవిల్ నగరానికి ఖాజీ అయి, అటుపిమ్మట కార్డోవా న్యాయపీఠమును అలంకరించారు. 1182లో ఖలీఫాకు ఆస్థాన వైద్యులైనారు. వైద్యంలో కుల్లియాత్ రచించారు. అరిస్టాటిల్ గ్రంథాలకు వ్యాఖ్యానాలు వ్రాశారు. బిదాయతుల్ ముజ్తహిద్ అను ధర్మశాస్త్ర గ్రంథంలో, ఇమాముల అభిప్రాయాలు ఎక్కడెక్కడ భిన్నించినవో, ఎందుకు భిన్నించినవో నిష్పక్షపాతంగా వివరించారు.

తత్త్వవిచారము షరీఅత్ దృష్టిలో నిషిద్ధమా, అనుమతమా, విధియా అన్నది ఆయన ఫస్లుల్ మఖాల్‌లో చేపట్టిన ప్రశ్న. సృష్టిని పరిశీలించి ఆలోచించవలసినదిగా ఖురాను ఆదేశించుచున్నది గనుక, అర్హులైనవారికి అది విధియేనని ఆయన నిర్ణయించారు. అన్యమతస్థులైన గ్రీకుల విద్య మనకేల అన్నవారికి, ఖుర్బానీకి కత్తి తగినదా కాదా అని చూస్తామే గాని అది ఎవరిదని విచారించము గదా అని సమాధానమిచ్చారు. నీరు గొంతుకడ్డుపడి ఒకడు మరణించినంత మాత్రాన దప్పిగొన్నవానికి నీరు నిరాకరించుట అన్యాయమన్నారు. అయితే గహనమైన తాత్త్విక వ్యాఖ్యానాలను సామాన్యుల ముందు పరచరాదని కూడా ఆయన హెచ్చరించారు. జ్ఞానమునకు హక్కుతోపాటు బాధ్యతయు కలదని ఆయన మతము.

ఆ తీర్పు ఆయనను కాపాడలేదు. 1195లో ఖలీఫా అల్ మన్సూర్ ఆయనను కార్డోవా సమీపమందలి లుసేనాకు వెడలగొట్టినాడు. తత్త్వగ్రంథాలు అగ్నిపాలైనవి, వైద్య, గణిత గ్రంథాలకు మాత్రం మినహాయింపు లభించినది. ఫలము కావలెను గాని వృక్షము వలదన్న పాలకుల వైఖరి ఇందు స్పష్టము. కొంతకాలానికి ఖలీఫా మనసు మార్చుకొని ఆయనను మరాకుష్‌కు పిలిపించినాడు. 1198 డిసెంబరులో అక్కడే ఆయన కన్నుమూశారు. ఆయన వ్యాఖ్యానాలు హిబ్రూ, లాటిన్ భాషలలోనికి పోయి ఐరోపా విద్యాలయాలలో పఠనీయములైనవి. అక్కడా నిర్బంధము తప్పలేదు. 1277లో పారిస్ బిషప్ నిషేధించిన 219 సిద్ధాంతాలలో పెక్కు ఆయన ప్రభావం గలవే. రెండు మతాల అధికారపీఠాలు శంకించిన భావన ఆ రెండు సమాజాలకూ వెలుగైనది.

ఆయన భౌతికకాయమును కార్డోవాకు తరలించినప్పుడు, కంచరగాడిదపై ఒకవైపు శవపేటికను, తూకము సరిపోవుటకు రెండవవైపు ఆయన గ్రంథాలను ఉంచారని ప్రత్యక్షంగా చూచిన ఇబ్నె అరబీ వ్రాశారు. ఆ జీవితమంతయు అట్టి తూకమే: ఖాజీ పదవి ఒకవైపు, పరిశోధన మరొకవైపు. ప్రయోగశాలకు వెళ్ళుటకు విశ్వాసమును విడువనక్కరలేదని, నమాజుకు నిలుచుటకు బుద్ధిని విడువనక్కరలేదని మన విద్యార్థులు ఆయన చరిత్ర నుండి గ్రహింతురుగాక.