ఒక్క భార్య అంటే ఒక్క లెక్కేనా?
(ముహమ్మద్ మర్మడ్యూక్ పిక్తాల్ జీవితం నుంచి ఒక పాఠం)

ఉప్పల్ నుంచి రామంతాపూర్, అంబర్‌పేట మీదుగా వెళ్తే చాదర్‌ఘాట్ వస్తుంది. 1925లో అక్కడి హైస్కూలుకు ప్రధానాధ్యాపకులుగా ఒక ఆంగ్లేయ ముస్లిం వచ్చారు. దివ్య ఖుర్‌ఆన్ ఆంగ్ల అనువాదంతో లోకానికి తెలిసిన ముహమ్మద్ మర్మడ్యూక్ పిక్తాల్ ఆయనే. ఆయన విద్వత్తు గురించి చాలామంది విని ఉంటారు. ఆయన సంసారం నుంచి కూడా మనం నేర్చుకోవలసింది ఉంది.

పిక్తాల్ 1875లో లండన్‌లో ఒక క్రైస్తవ మతగురువు ఇంట పుట్టారు. యౌవనంలోనే పాలస్తీనా, సిరియా ప్రాంతాల్లో తిరిగి అరబ్బీ నేర్చుకున్నారు. 1896లో మ్యూరియల్ స్మిత్‌ను వివాహమాడారు. నవలా రచయితగా పేరు గడించారు. 1917లో లండన్‌లో తాను ముస్లింనని బహిరంగంగా ప్రకటించారు. 1920లో బొంబాయి వచ్చి బాంబే క్రానికల్ పత్రికకు సంపాదకత్వం వహించారు. ఆ తర్వాతే నిజాం కొలువులో చేరారు. 1927లో హైదరాబాద్ నుంచి ఇస్లామిక్ కల్చర్ త్రైమాసికను ప్రారంభించారు. ఖుర్‌ఆన్ అనువాదం పూర్తి చేసేందుకు నిజాం ప్రభుత్వం ఆయనకు జీతంతో కూడిన సెలవు ఇచ్చింది. ఆ అనువాదం 1930లో వెలువడింది. 1936 మే 19న ఆయన ఇంగ్లండ్‌లో కన్నుమూశారు.

పెళ్లి నాటి నుంచి మరణం దాకా దాదాపు నలభై ఏళ్లు. ఆ దంపతులకు సంతానం కలగలేదు. ఇస్లాం స్వీకరించాక మరో నికాహ్‌కు షరీఅత్ అనుమతి ఉంది. నిజాం కాలపు హైదరాబాద్‌లో దాన్ని తప్పుపట్టేవారూ లేరు. అయినా మ్యూరియల్ ఒక్కరే ఆయన భార్యగా ఉన్నారు.

సోదరులారా! ఈ మాట చెప్పడానికి కారణం ఉంది. మన ఉప్పల్, నాచారం బస్తీల్లో పెళ్లయి నాలుగైదేళ్లు గడిచినా ఒడి నిండకపోతే కోడలికి ఇంట్లో నిలువ నీడ ఉండదు. భర్త ఒక్కసారైనా డాక్టరు వద్ద పరీక్ష చేయించుకోడు. రెండో నికాహ్ గురించి మస్అలా అడగడానికి మాత్రం మౌల్వీ వద్దకు వస్తాడు. నలుగురి వరకు అనుమతి ఉందని అతనికి గుర్తుంటుంది. న్యాయం చేయలేమన్న భయముంటే ఒక్కరితోనే ఆగమని అదే ఆయత్‌లో ఉన్న ఆజ్ఞ గుర్తుండదు. కొడుకులనైనా, కూతుళ్లనైనా ఇచ్చేది అల్లాహ్‌యే. కొందరిని సంతానం లేకుండా ఉంచేదీ ఆయనే. అలాంటప్పుడు ఆమె చేసిన నేరమేమిటి?

రెండో వివాహం పాపమని ఇక్కడ చెప్పడం లేదు. హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం) ఇంట హజ్రత్ సారా, హజ్రత్ హాజిరా ఇద్దరూ ఉన్నారు. హజ్రత్ జకరియ్యా (అలైహిస్సలాం) భార్య గొడ్రాలు. ఆయన ఆమెను నిందించలేదు, వృద్ధాప్యంలోనూ చేతులెత్తి ప్రభువునే వేడుకున్నారు. మన ప్రియ ప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) హజ్రత్ ఖదీజా (రజియల్లాహు అన్హా) బతికి ఉన్నంతకాలం, సుమారు పాతికేళ్లు, మరొకరిని వివాహమాడలేదు. తర్వాత పలువురు భార్యలున్నప్పుడు వారి మధ్య వంతులు పాటించి న్యాయం చేశారు. రెండు స్థితుల్లోనూ కొలబద్ద న్యాయమే.

ఇంకో సంగతి. నాకు ఒక్కతే భార్య అని గర్వపడేవారూ తమను తాము ప్రశ్నించుకోవాలి. మహర్ చెల్లించారా? జోడే కీ రఖమ్ పేరుతో ఆమె పుట్టింటి నుంచి తెచ్చిన సొమ్ము తిరిగి ఇచ్చారా? చూపును, ఫోనును పరాయి స్త్రీల నుంచి కాపాడుకుంటున్నారా? రెండో పెళ్లి బెదిరింపుతో ఆమెను రోజూ ఏడిపిస్తున్నారా? చట్టం ఒక్కరినే అనుమతించే దేశాల్లోనూ రహస్య సంబంధాలు సాగుతాయి. లెక్కకు ఒక్కరే, కానీ నమ్మకం సున్నా. ఒక్కరితో ఉండటం అంటే ఆ ఒక్కరి హక్కు పూర్తిగా చెల్లించడం.

పిక్తాల్ అనువాదం మనలో చాలామంది ఇళ్ల అల్మారాల్లో ఉంది. దాన్ని తీసి అన్నిసా సూరా మూడో ఆయత్‌ను ఈసారి చివరి దాకా చదవండి.

మన ఇళ్లలోని స్త్రీల పట్ల న్యాయంగా నడుచుకునే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.