కలియుగ భీముణ్ణి పెంచిన ఇల్లు

తాడేపల్లిలో మా వీధి కుర్రాళ్ళం ఏటా వేసవి సెలవుల్లో ఒక శపథం పడతాం. తెల్లవారకముందే లేచి, సీతానగరం నుంచి ప్రకాశం బ్యారేజీ మీదుగా బెజవాడ ఒడ్డు దాకా పరుగెత్తాలని. నాలుగోరోజుకు ఇద్దరం మిగులుతాం. వారం తిరిగేసరికి బ్యారేజీ ఒక్కటే మిగులుతుంది. తప్పంతా బద్ధకానిదే అనను. దండీలు, బస్కీలు మానేసి పుస్తకం తియ్యమనే ఇళ్ళే మనవి ఎక్కువ. అందుకే కోడి రామ్మూర్తి నాయుడి కథలో నాకు ఏనుగుకన్నా ఆయన పెరిగిన ఇల్లే ముందు కనిపిస్తుంది.

శ్రీకాకుళం వైపు వీరఘట్టం ఆయన ఊరు. పుట్టింది 1880ల తొలినాళ్ళలో. చిన్నతనంలోనే తల్లి పోయింది. తల్లిలేని పిల్లవాడని తండ్రి వెంకన్న నాయుడు గారాబంగా పెంచాడు. కుర్రవాడికి చదువు మీద కంటే కుస్తీ మీదే మోజు. చివరికి తండ్రి అతణ్ణి విజయనగరంలో పోలీసు శాఖలో పనిచేసే పినతండ్రి నారాయణస్వామి ఇంటికి పంపాడు. చదువబ్బని పిల్లవాణ్ణి మనవాళ్ళయితే ఏం చేస్తారో వేరే చెప్పాలా? ఆ పినతండ్రి మాత్రం వ్యాయామశాలలో చేర్చాడు. వేళకు తిండి, వేళకు సాధన, అడిగే పెద్దదిక్కు. ఈ మూడూ ఒక్కచోట అమరితే కండ దానంతటదే పెరుగుతుంది కాబోలు.

అయితే ఇల్లు దారి చూపగలదు గానీ, నడవాల్సింది మనమే కదా! బలం వచ్చాక రామ్మూర్తి ఊరి పహిల్వానుగా ఆగిపోలేదు. మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరం వచ్చి తాను చదివిన బడిలోనే డ్రిల్లు మాస్టారయ్యాడు. తర్వాత పొట్టి పంతులు అనే మిత్రుడి తోడ్పాటుతో సర్కస్ కంపెనీ పెట్టాడు. ఒంటికి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగించి తెంచడం, ఛాతీ మీద పలక వేసి ఏనుగును ఎక్కించుకోవడం, రెండు మోటారు కార్లను చెరోవైపు కదలనీయకుండా పట్టి ఆపడం చూసి జనం కలియుగ భీముడన్నారు. లండనులో అయిదో జార్జి దంపతుల ఎదుట ప్రదర్శించి ఇండియన్ హెర్క్యులిస్ అనిపించుకున్నాడు. ఇంత చేసినవాడు శాకాహారి! మా హాస్టలు మెస్సులో కోడికూర లేదని కండ రావడం లేదనే మిత్రులు దీన్ని గమనించాలి.

గడించినదాంట్లో దానధర్మాలకు పోయింది తక్కువేం కాదు. చివరికాలంలో కాలిమీద రాచపుండు లేచింది. కాలు తీసేయవలసి వచ్చింది. మత్తుమందు లేకుండా, ప్రాణాయామం పట్టి ఆ శస్త్రచికిత్సకు ఓర్చుకున్నాడని చెబుతారు. 1942 సంక్రాంతి రోజుల్లో ఒరిస్సాలో కన్నుమూశాడు.

శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరుంది. విశాఖ బీచ్ రోడ్డులో విగ్రహం ఉంది. విజయనగరం పినతండ్రి పేరు మాత్రం మా డ్రిల్లు మాస్టారుగారికీ తెలియదు. మొన్న అడిగి చూశాను.