భండారి బసవన్న

ప్రతి సంవత్సరము వైశాఖ శుద్ధ తదియనాడు మనము బసవేశ్వరుని పటమునకు పూలమాల వేసి నమస్కరించుచున్నాము. ఆ మహనీయుడు రాజుకొలువున ధనాగారపు లెక్కలు వ్రాసిన ఉద్యోగి. ఆ ఉద్యోగమునకును, తాను నమ్మిన ధర్మమునకును పొత్తు కుదరని దినమున ఆయన యేమి చేసెనో స్మరించుట మనకు శ్రేయస్కరము.

క్రీ.శ. 12వ శతాబ్దమున, నేటి కర్ణాటకమునందలి బాగేవాడిలో మాదరస, మాదలాంబ యను బ్రాహ్మణ దంపతులకు బసవన్న జన్మించెను. పుట్టుకచేతనే ఒకనిని అధికునిగా నెంచు ఉపనయన సంస్కారము తనకు వలదని బాల్యముననే ఇల్లు విడిచెనని పెద్దలు చెప్పుదురు. కృష్ణా మలప్రభలు కలియు కూడలసంగమమున సంగమేశ్వరుని కొలుచుచు విద్య గడించెను. పిదప మంగళవేడలో కలచురి బిజ్జలుని కొలువున కరణముగా చేరెను. బిజ్జలుడు చాళుక్యుల నణచి కళ్యాణమును చేజిక్కించుకొన్న మీదట బసవన్న భండారి యయ్యెను.

ఆ నగరముననే అనుభవ మంటపము వెలసెను. అల్లమప్రభువు దానికి అధ్యక్షుడు. చెప్పులు కుట్టు హరళయ్య, పడవ నడుపు అంబిగర చౌడయ్య, బట్టలుతుకు మడివాళ మాచయ్య అచట సమానాసనములపై కూర్చుండిరి. ఎవరి వృత్తి వారికి కాయకము. దాని ఫలమును పదుగురితో పంచుకొనుట దాసోహము. మారయ్య యను శరణుడు రాలిన బియ్యపు గింజలేరి జీవించెడివాడు. ఒకనాడతడు అవసరమునకు మించి తేగా, భార్య లక్కమ్మ ఆ యెక్కువను మరల అచటనే పోసి రమ్మని పంపెనట. కాయకమున దురాశకు చోటు లేదని ఆ తల్లి మనకు నేర్పెను.

బసవన్న రాజధనమును జంగములకు ధారపోయుచున్నాడని కొందరు కొండెములు చెప్పిరి. లెక్కింపగా ధనమంతయు సరిగానే యుండెనని పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున వర్ణించెను. లెక్కల పరీక్ష సులభముగనే గడచెను. అంతకంటె కఠినమైన పరీక్ష వేరొకటి కాచుకొని యుండెను.

బ్రాహ్మణ కులమునుండి వచ్చిన శరణుడు మధువరసు తన కుమార్తెను హరళయ్య కుమారునికిచ్చి పెండ్లి చేసెను. ఇరువురును లింగధారులే గనుక శరణుల దృష్టిలో వారిది ఒకటే కులము. వర్ణాచారపరులు మాత్రము రాజు నాశ్రయించి, ధర్మము చెడెనని మొరపెట్టిరి. తండ్రు లిరువురును ఘోర శిక్షకు గురియై ప్రాణములు కోల్పోయిరని పరంపరాగత కథనము.

ఆ వివాహమును కాదన్నచో బసవన్నకు పదవి నిలిచెడిది, రాజాదరము దక్కెడిది. ఆయన కాదనలేదు. పదవిని వీడి కూడలసంగమమునకు మరలిపోయెను. కళ్యాణము అల్లకల్లోలమయ్యెను, బిజ్జలుడు హతుడయ్యెను, చెన్నబసవన్న మొదలగు శరణులు ఉళివి దిక్కునకు తరలిరి. 1167 ప్రాంతమున బసవన్న లింగైక్యమందెను.

ఆ పెండ్లి జరిగి 850 ఏండ్లు దాటినవి. నేడు మన యింటికొక సంబంధము వచ్చినపుడు మనము మొదట అడుగునది వరుని కాయకమును గూర్చియా, కులశాఖను గూర్చియా? పూలమాల చేతబట్టిన దినమున ఈ ప్రశ్నకు ఎవరికి వారే సమాధానము చెప్పుకొందురు గాక.