కలియుగ భీముడు, మన నడుము కొలత

ఈ ప్రత్యేక సంచికకు ఆరోగ్యం గురించి ఏదైనా రాయమన్నప్పుడు నాకు ముందుగా కోడి రామమూర్తి నాయుడు గారే గుర్తుకొచ్చారు. ఆయన శ్రీకాకుళం ప్రాంతపు వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పెరిగారు. మద్రాసులో వ్యాయామ శిక్షణ పొంది ఉపాధ్యాయులయ్యారు. ఆ తర్వాత సర్కస్ కంపెనీ పెట్టి దేశ విదేశాలు తిరిగారు. ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగబట్టి తెంపేవారు. ఛాతీ మీద ఏనుగును నడిపించుకునేవారు. ఇంతా చేసి ఆయన శాకాహారి! మాంసం లేనిదే బలం రాదని వాదించే మిత్రులు ఇది గమనించాలి.

ఆ కండ ఒక్కనాటి పుణ్యం కాదు, ఏళ్ల తరబడి చేసిన కసరత్తు, ప్రాణాయామాల ఫలం. మన సంగతి వేరు. ఏళ్లకేళ్లు కుర్చీలో కూర్చుని ఫైళ్లు రాసినవాళ్లం. వయసుతో కండ కరుగుతుంది, మగవారికి కొవ్వు పొట్టలో చేరుతుంది. తూకం మాత్రం మారకపోవచ్చు, అందుకే మోసపోతాం. ఆ పొట్ట కొవ్వు ఊరికే పడి ఉండదు. రక్తంలోకి కొన్ని రసాయనాలు వదిలి, పైకి కనపడని వాపును ఒళ్లంతా రగిలిస్తూ ఉంటుంది. డాక్టర్లు దీన్నే ఇన్‌ఫ్లమేషన్ అంటారు, సి.ఆర్.పి. అనే రక్తపరీక్షతో అంచనా కడతారు. షుగరు, గుండెజబ్బు రెండింటికీ దీనితో సంబంధముంది.

కదిలే కండ దీనికి విరుగుడు పదార్థాలను విడుదల చేస్తుంది. క్రమం తప్పక వ్యాయామం చేస్తే, తూకం తగ్గకపోయినా పొట్టలోని కొవ్వు తగ్గవచ్చు. కొవ్వు తగ్గినకొద్దీ వాపు కూడా తగ్గుముఖం పడుతుంది. కనుక తూకం యంత్రం కన్నా దర్జీ టేపు నయమని నా అభిప్రాయం. మన దేశపు మగవారికి నడుము 90 సెంటీమీటర్లు దాటకూడదంటారు. వారానికి 150 నిమిషాల చురుకైన నడక, రెండు రోజులు కండకు పనిచెప్పే కసరత్తు ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు. మా కొడిమ్యాల ఎండలకు తెల్లవారుజామునే నడవడం మేలు. గుండెజబ్బున్నవారు డాక్టరును అడిగి మొదలుపెట్టాలి.

అంతటి బలశాలికీ చివరిదశలో కాలికి రాచపుండు లేచి, కాలు తీసేయవలసి వచ్చింది. వ్యాయామం అన్ని జబ్బులకూ అడ్డుగోడ కాదు. షుగరున్నవారు నడిచి వచ్చాక పాదాలు చూసుకోవాలి, చిన్న పుండైనా ఉపేక్షించరాదు. రామమూర్తి గారు 1942లో ఒడిశాలోని బలంగీర్‌లో కన్నుమూశారు. శ్రీకాకుళంలోని స్టేడియానికి ఆయన పేరే పెట్టారు.