జీడీ రౌండ్‌కు ముందు జిడ్డు కృష్ణమూర్తి

నూజివీడు ట్రిపుల్ ఐటీలో ఉన్నా, ఆ చుట్టుపక్కల ఏ ఇంజినీరింగ్ కాలేజీలో చదువుతున్నా, ప్లేస్‌మెంట్స్ దగ్గరపడితే మీరు చేసే పని ఒకటుంది. అయిదారుగురు చేరి గ్రూప్ డిస్కషన్ ప్రాక్టీస్ చేస్తారు. ముందు మనమే నోరు తెరవాలి, పక్కవాడు ఊపిరి పీల్చుకునేలోపు దూరిపోవాలి, కన్‌క్లూజన్ కూడా మనమే చెప్పాలి. కాయల మార్కెట్‌లో బేరం లాగే, గొంతున్నవాడిదే రాజ్యం!

దీనికి పూర్తిగా ఎదురు పద్ధతిలో, నలుగురూ కూర్చుని మాట్లాడుకోవడాన్నే చదువులో భాగం చేసినాయన మన రాష్ట్రంలోనే పుట్టారు. ఊరు మదనపల్లె, సంవత్సరం 1895. మీకు మామిడి ఎలాగో వాళ్లకు టమోటా అలాగ.

జిడ్డు కృష్ణమూర్తి బడిలో పాఠం అప్పజెప్పలేక దెబ్బలు తిన్న పిల్లాడు. మొద్దు అని టీచర్లు తేల్చేశారు. పదేళ్ల వయసులో తల్లి పోయింది. రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరైన తండ్రి 1909లో కుటుంబాన్ని మద్రాసు అడయార్‌లోని దివ్యజ్ఞాన సమాజానికి తీసుకెళ్లారు. అక్కడివాళ్లు ఇదే పిల్లాణ్ని చూసి, రాబోయే జగద్గురువు అన్నారు. ఇంగ్లండ్ పంపి చదివిస్తే లండన్ యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష ఒకటికి రెండుసార్లు తప్పారు. డిగ్రీ రాలేదు. ఇవాళైతే రెజ్యుమే ఫిల్టర్ దగ్గరే ఆగిపోయేవారు.

ఆయన కోసమే 1911లో ఒక అంతర్జాతీయ సంఘం పెట్టారు. దాన్ని 1929 ఆగస్టు 3న, హాలండ్‌లోని ఓమెన్‌లో, సుమారు 3 వేల మంది సభ్యుల ముందు ఆయనే రద్దు చేసేశారు. వచ్చిన ఆస్తులు తిరిగి ఇచ్చేశారు. అప్పటికి వయసు 34.

మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ స్కూలు ఆయన ఆలోచనతోనే మొదలైంది. అక్కడికి వచ్చినప్పుడు పిల్లలతో కూర్చునేవారు, టీచర్లతో విడిగా కూర్చునేవారు. సిలబస్ గురించి కాదు. పరీక్షంటే భయమెందుకు, పక్కవాడితో పోల్చుకుంటే లోపల ఏమవుతుంది, అసలు ఎందుకు చదువుతున్నాం? ఇవీ టాపిక్స్. ఎవరైనా పుస్తకంలో చదివింది వల్లిస్తే ఆపేసేవారు. నేను చెప్పానని ఒప్పుకోకండి, కాదనీ అనకండి, కలిసి చూద్దాం అన్న ధోరణి. గెలుపోటములు లేవు, కన్‌క్లూజన్ కోసం తొందరా లేదు. ఆ మాటలే 1974లో పుస్తకంగా వచ్చాయి.

భౌతిక శాస్త్రవేత్త డేవిడ్ బోమ్ ఆయనతో ఏళ్ల తరబడి మాట్లాడారు. తర్వాత 20 నుంచి 40 మంది గుండ్రంగా కూర్చుని, లీడర్ లేకుండా, ముందే అనుకున్న అజెండా లేకుండా మాట్లాడుకునే ‘డైలాగ్’ పద్ధతిని బోమ్ ప్రచారం చేశారు. 1990లో పీటర్ సెంగే ‘ద ఫిఫ్త్ డిసిప్లిన్’ పుస్తకంతో అది కంపెనీల మేనేజర్ల దాకా చేరింది. అంటే మీరు జీడీలో అరిచి సంపాదించే ఉద్యోగంలోనే, రేపు టీమ్ మీటింగ్‌లో అరవకుండా వినడం నేర్పిస్తారన్నమాట.

ఒక మాట ఒప్పుకోవాలి. ఆ కూర్చోవడాల్లో ఎక్కువ మాట్లాడింది కృష్ణమూర్తే. పైగా రిషి వ్యాలీ ఫీజు కట్టి చేరే బోర్డింగ్ స్కూలు, పల్లెటూరి కూలీ పిల్లలకు అందేది కాదు. 1986 ఫిబ్రవరి 17న ఆయన అమెరికాలోని ఓహాయ్‌లో కన్నుమూశారు. నాకు నచ్చిన మలుపు ఆ తర్వాతది. రిషి వ్యాలీ చుట్టూ పల్లెల్లో చిన్న చిన్న బడులు నడిపారు. వేర్వేరు తరగతుల పిల్లలు ఒకే గదిలో, గుంపులుగా నేల మీద కూర్చుని, కార్డులు ముందేసుకుని ఒకరికొకరు చెప్పుకుంటూ నేర్చుకుంటారు. ఈ పద్ధతి వేరే రాష్ట్రాల సర్కారు బడులకూ వెళ్లింది. మీలో డీఎస్సీకి ప్రిపేరవుతున్నవాళ్లు ఎప్పుడైనా మదనపల్లె వైపు వెళ్తే, అనుమతి అడిగి ఒక పూట ఆ పిల్లల పక్కన కూర్చుని రండి.