అన్నదానవ్రత డొక్కా సీతమ్మ

మెదకు ప్రాంతమునకు మెతుకుసీమ యని వ్యవహారము. అన్నపు మెతుకుతో పేరు ముడివడిన యీ పట్టణమున నుండి, మెతుకు విలువ నెరిగిన యొక గృహిణి చరితమును భక్తులకు విన్నవించుట సముచితమని తలంచుచున్నాను.

డొక్కా సీతమ్మ 1841వ సంవత్సరమున గోదావరీ మండలమందలి మండపేటలో జన్మించెను. తండ్రి భవానీశంకరము. అడిగినవారికి లేదనక అన్నము పెట్టుటచే ఆయనను జనులు బువ్వన్న యని పిలిచెడివారు. లంకలగన్నవరవాసి డొక్కా జోగన్న యొకపరి వారి యింట భుజించి, ఆ యాదరమునకు ముగ్ధుడై సీతమ్మను పరిణయమాడెను.

గన్నవరము గోదావరి పాయల నడుమ నున్న గ్రామము. ఏరు దాటి వచ్చు బాటసారులు అలసి, ఆకలిగొని యుందురు. జోగన్న పొలమున పండిన పంట సీతమ్మ చేతిలో వారికి విందయ్యెను. కులమడుగుట లేదు, వేళ చూచుట లేదు. అర్ధరాత్రమున వచ్చినవారికిని పొయ్యి రాజుకొనెడిది.

ఒకపరి ఆ తల్లి అంతర్వేది లక్ష్మీనరసింహస్వామిని సేవింపవలెనని చిరకాల వాంఛతో పల్లకిలో బయలుదేరెను. మార్గమధ్యమున, ఆకలికి తాళలేని పిల్లలను వారి పెద్దలు, గన్నవరము చేరినచో సీతమ్మ యింట అన్నము దొరకునని ఊరడించుట ఆమె చెవిని బడెను. స్వామి దర్శనము ఒకవైపు, తన యింటిని నమ్ముకొని నడచుచున్న పసివారు ఒకవైపు. సంకల్పించిన యాత్రను విడుచుట ఆస్తికురాలికి సామాన్యమా? అయినను పల్లకిని మరలింపించి, వారికంటె ముందుగా నిల్లు చేరి, వండి వడ్డించెను. ఆ పిల్లల తృప్తిని జూచి, స్వామిని దర్శించినట్లే ఆనందించెనని పెద్దలు చెప్పుదురు.

ఆమె యాత్రను తృణీకరింపలేదు. ఆకలిగొన్నవారియందు అంతర్యామిని గాంచినది. సేవ ఆమెకు భారము గాక ఆనందమయ్యెను గనుకనే యేండ్ల తరబడి విసుగులేక సాగినది. ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకోత్సవమునకు పిలుపు వచ్చినను, అతిథులను విడిచి పోజాలనని ఆమె వెళ్ళలేదని ప్రసిద్ధి.

1909లో సీతమ్మ పరమపదించెను. గన్నవరము కడ వైనతేయనదిపై నున్న అక్విడక్టు నేడామె పేర పిలువబడుచున్నది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2024లో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకు ఆమె నామమునే ఉంచినది.

క్షేత్రములకు పోవు భక్తులారా! త్రోవలో ఆకలిగొన్నవాడు కనబడినచో, మూట విప్పి యొక ముద్ద పెట్టి ముందునకు సాగుడు. స్వామి సేవ అచటనే ఆరంభమగును.