యల్లాప్రగడ సుబ్బారావు

కడుపు నిండినా దేహాన్ని కృశింపజేసే వ్యాధులు కొన్ని ఉన్నాయి. ఆహారంలో లోపించిన సూక్ష్మ పోషకాలే వాటికి కారణం. అటువంటి పోషకాలలో ఒకదానిని మానవాళికి అందించడానికి జీవితాన్ని వెచ్చించిన తెలుగు శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో వెంకమ్మ, జగన్నాథం దంపతులకు జన్మించారు. తండ్రి మరణంతో కుటుంబం కష్టాల పాలైనా, తల్లి పట్టుదల వల్ల చదువు సాగింది. మెట్రిక్యులేషన్‌లో మూడవ ప్రయత్నంలో ఉత్తీర్ణులై, అనంతరం మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధి ఆయన సోదరులను బలిగొన్నది. ఆయనకూ అదే వ్యాధి సోకగా, ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. నాటి నుండి ఆ వ్యాధి మూలాన్ని కనుగొనడమే ఆయన ధ్యేయమైంది.

భార్య శేషగిరిని స్వదేశంలోనే విడిచి, ఆయన అమెరికాలోని బోస్టన్ చేరారు. ఆ తరువాత పుట్టిన కుమారుడు తండ్రి ముఖం చూడకుండానే శైశవంలో మరణించాడు. హార్వర్డ్‌లో చదువుకుంటూ, పొట్టపోసుకోవడానికి ఆసుపత్రిలో రాత్రివేళ సేవకునిగా పనిచేశారు. 1917 నాటి వలస చట్టం భారతీయుల వలసకు అప్పటికే తలుపులు మూసివేసింది. 1946లో పౌరసత్వానికి మార్గం ఏర్పడినా, ఆయన దానిని స్వీకరించలేదు.

ఆనాటికి అమెరికాలో పారిశ్రామికీకరణ వంటింటి స్వరూపాన్నే మార్చివేసింది. ఐరోపా నుండి వలస వచ్చిన లక్షలాది జనం పట్టణాలలోని కర్మాగారాలలో చేరారు. ఇంట కాల్చుకునే రొట్టెకు బదులు అంగడి రొట్టె వచ్చింది. ఉక్కు మరలు గోధుమ నుండి తవుడును, మొలకను వేరుచేయడంతో పిండి తెల్లబడింది గాని, సారం నశించింది. దంపుడు బియ్యం స్థానంలో మర బియ్యం వచ్చినపుడు మన కోస్తా ప్రాంతంలోనూ బెరిబెరి కనిపించింది. ఈ లోపాన్ని పూరించడానికి అమెరికా 1941 నుండి పిండిలో బి విటమినులను, ఇనుమును చేర్చసాగింది.

1940లో సుబ్బారావు లెడర్లీ ఔషధ పరిశ్రమలో చేరారు. ఆయన నేతృత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అంతకుముందు 1931లో లూసీ విల్స్ అనే వైద్యురాలు బొంబాయిలోని పేద గర్భిణుల రక్తహీనత ఈస్ట్ సారంతో నయమవుతుందని గుర్తించారు. ఆ గుణానికి కారణమైన పదార్థం ఇదే. తన సోదరులను హరించిన స్ప్రూకు కూడా అది ఔషధమైంది. దాని నిర్మాణంలో స్వల్ప మార్పుతో రూపొందిన అమినోప్టెరిన్, 1948లో బాలల రక్త క్యాన్సరును తాత్కాలికంగానైనా అణచగలిగిన తొలి మందుగా పేరొందింది.

1948 ఆగస్టు 8న, ఏబది మూడేండ్ల వయసులో, ఆయన న్యూయార్క్ రాష్ట్రంలో కన్నుమూశారు. స్వదేశంలోని తన ఇంటికి ఆయన తిరిగి రాలేదు. భర్త రాకకై శేషగిరి నిరీక్షణ ఫలించలేదు.

గర్భస్థ శిశువుల మెదడు, వెన్నుపాము లోపాలను నివారించడానికి 1998 నుండి అమెరికాలో పోషకాలు చేర్చిన ప్రతి 100 గ్రాముల పిండిలో 140 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం తప్పనిసరి అయింది. సొంత బిడ్డను ఎత్తుకోలేకపోయిన సుబ్బారావు కృషి ఫలం ఆ విధంగా పరాయి దేశపు తల్లుల నిత్యాహారంలో చేరి, పుట్టబోయే బిడ్డలకు రక్షగా నిలుస్తున్నది.